మార్కుల షీట్‌లో లేని కాలమ్

1948 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ జరిగేటప్పుడు, ఆల్డర్‌షాట్ అనే సైనిక పట్టణంలో డ్రెసాజ్ పోటీ పెట్టారు. గుర్రాల ఆటల్లో అదొక విభాగం. స్వీడన్ తరఫున ముగ్గురు రౌతులు దిగారు: హెన్రీ సెయింట్ సీర్, గుస్తాఫ్ అడాల్ఫ్ బోల్టెన్‌స్టెర్న్, గేనెల్ పెర్సన్. ముగ్గురి మార్కులూ కలిపితే స్వీడనే ఫస్టు. ఫ్రాన్స్‌కి వెండి, అమెరికాకి కంచు.

మరుసటి ఏడు, 1949లో, స్వీడన్ పతకం లాగేసుకున్నారు. బంగారం ఫ్రాన్స్‌కి పోయింది, వెండి అమెరికాకి, నాలుగో స్థానంలో ఉన్న పోర్చుగల్‌కి కంచు దక్కింది.

ఎందుకు? గుర్రానికి మందేమీ ఎక్కించలేదు. జడ్జీలకి డబ్బులివ్వలేదు. మైదానంలో ఎవరూ తొండి ఆడలేదు. తేలిందల్లా ఒక్కటే: గేనెల్ పెర్సన్ ఆఫీసర్ కాదు. సార్జెంటు స్థాయి సైనికుడు. అప్పటి రూలు ప్రకారం సైన్యం నుంచి ఈ పోటీకి వచ్చేవాడు కమిషన్డ్ ఆఫీసర్ అయ్యుండాలి. అందుకని స్వీడన్ సైన్యం పోటీలకి ముందు అతన్ని లెఫ్టినెంట్‌ని చేసింది. పోటీలయ్యాక, కొద్ది వారాలకే, మళ్ళీ పాత ర్యాంకుకి దించేసింది. ఆ దించడంతోనే గుట్టు బయటపడింది.

సైనికాధికారి, డ్రెసాజ్ చాంపియన్ అని రెండు మాటలూ కలిసి కనబడితే మనకి సెయింట్ సీర్ లాంటి మనిషి గుర్తుకొస్తాడు. వెన్ను నిటారుగా, చేతికి తెల్ల గ్లవుజులు, కింద మెరిసే గుర్రం. ఆయన మేజర్. ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు ఉంచుకున్నవాడు. ఆయన గొప్పతనం మీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ రెండు మాటల్ని విడదీయకుండా కుట్టేసిన దారంతోనే. ఈ దారం మన క్యాంపస్‌లో కూడా ఉంది కాబట్టే ఈ వ్యాసం.

ముందు డ్రెసాజ్ అంటే ఏంటో చూద్దాం. మనలో చాలామందికి గుర్రమంటే పెళ్ళి బారాత్, లేదంటే సినిమా. డ్రెసాజ్‌లో దూకడాలుండవు, పరుగు పందెం ఉండదు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఒక బరి. దాని చుట్టూ అక్షరాలు రాసిన పలకలు. ఫలానా అక్షరం దగ్గర నడక నుంచి దుడుకు నడకకి మారాలి, ఫలానా చోట ఆగాలి, ఫలానా చోట ఉన్నచోటే లయగా అడుగులెయ్యాలి, ఇంకో చోట వెనక కాళ్ళని ఇరుసులా పెట్టుకుని గుండ్రంగా తిరగాలి. ఒక్కో కదలికకీ సున్నా నుంచి పది దాకా మార్కులు. గుర్రం తనంతట తానే నాట్యం చేస్తున్నట్టు ఉండాలి. పైనున్న మనిషి ఏం చేస్తున్నాడో చూసేవాళ్ళకి తెలియకూడదు.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రౌతు పిక్కతో, తుంటితో, కళ్ళెం పట్టిన వేళ్ళతో చిన్న సంకేతం పంపుతాడు. గుర్రం వీపు కదలికలోంచి వెంటనే జవాబొస్తుంది. దాన్ని బట్టి మళ్ళీ ఒక చిన్న సవరణ. క్లోజ్డ్ లూప్ అన్నమాట. గెయిన్ ఎక్కువైతే సిస్టమ్ ఊగిపోతుంది, తక్కువైతే స్పందనే రాదు. మన పెద్దవాళ్ళు ఇదంతా మూడు మాటల్లో చెప్పేశారు: రౌతు కొద్దీ గుర్రం. దీనికి ఎదురు సామెత కూడా ఉంది: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని. డ్రెసాజ్ ఈ రెండో సామెతని తిరగేస్తుంది. అక్కడ మార్కులు పడేదే మెత్తదనానికి. గుంజితే, పొడిస్తే, కొడితే గుర్రం బిగుసుకుంటుంది. ఆ బిగుసు జడ్జీకి దూరం నుంచే కనబడిపోతుంది.

ఇదంతా రావడానికి ఏళ్ళు పడుతుంది. రోజూ తెల్లారగానే లాయంలో ఉండాలి. గుర్రానికి ఏ కాలు బరువుగా పడుతోందో, ఏ వైపు మెడ తిప్పడానికి మొరాయిస్తోందో తెలియాలి. సైన్యాల్లో ఈ పని చేసేది ఎక్కువగా ఎవరు? సార్జెంట్లు, దఫేదార్లు, గుర్రాల్ని తర్ఫీదు చేసే శిక్షకులు. అంటే పెర్సన్ లాంటివాళ్ళు.

జడ్జీ చేతిలో ఉన్న మార్కుల షీట్‌లో నడకకి కాలమ్ ఉంది, దుడుకు నడకకి ఉంది, గుర్రం విధేయతకి ఉంది, రౌతు కూర్చునే తీరుకి ఉంది. ర్యాంకుకి లేదు. ఆ కాలమ్ ఎంట్రీ ఫారంలో ఉంది. నా గోడు మొత్తం ఇదే. ఆటలో ఎక్కడా కొలవని సంగతి గేటు దగ్గర కొలుస్తున్నారు.

ఆ రూలు ఎవడో ఒక దుర్మార్గుడు కూర్చుని రాసింది కాదు. గుర్రాల పోటీలు 1912 నుంచి ఒలింపిక్స్‌లో గట్టిగా నిలదొక్కుకున్నాయి. అప్పట్లో మంచి గుర్రాలు, మంచి శిక్షణ అన్నీ అశ్వికదళాల చేతుల్లోనే ఉండేవి. దానికి తోడు అమెచ్యూర్ అనే ఆదర్శం ఒకటి. ఆటని పొట్టకూటి కోసం ఆడేవాడు ప్రొఫెషనల్, సరదా కోసం ఆడేవాడు పెద్దమనిషి. పెద్దమనుషులకే ఒలింపిక్స్. వినడానికి బాగానే ఉంటుంది. సార్జెంటు జీతం తీసుకుని గుర్రాల్ని తర్ఫీదు చేస్తాడు కాబట్టి ప్రొఫెషనల్. మరి మేజర్? ఆయనా అదే సైన్యం జీతం తీసుకునే అదే గుర్రాలెక్కుతాడు గదా! ఆయన మాత్రం పెద్దమనిషి. చేసే పని ఒకటే, జీతమిచ్చే ఖజానా ఒకటే, భుజమ్మీది పట్టీ మాత్రం వేరు.

ఇదంతా యూరప్ గోల, మనకెందుకు అనుకోవద్దు. మన దగ్గర గుర్రం చుట్టూ అల్లుకున్న మాటలు చూడండి. పాత సిలాదారు పద్ధతిలో సవారు తన గుర్రాన్ని, తన సరంజామాని తానే తెచ్చుకోవాలి. కొనలేనివాడు ఇంకొకరి గుర్రమెక్కి కొలువు చేసేవాడు. వాణ్ణి బార్గీరు అనేవాళ్ళు. యుద్ధంలో ఇద్దరికీ తగిలే బల్లెం ఒకటే, కాని పేరుని బట్టే గౌరవం. తర్వాత బ్రిటిష్ వాళ్ళ రెజిమెంట్లలో మనవాళ్ళు సవారుగా చేరి దఫేదారు, జమేదారు, రిసాల్దారు దాకా ఎదగొచ్చు. దానిపైన కింగ్స్ కమిషన్ అనే తలుపు మొదటి ప్రపంచ యుద్ధం చివరి దాకా మనవాళ్ళకి దాదాపు మూసే ఉంది. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర బల్లేలు పట్టుకుని మెషిన్‌గన్లున్న వైపు గుర్రాలు దూకించిన రెజిమెంట్లలో దక్కన్ హార్స్ ఒకటి. పేరు మన దక్కన్‌ది. హుకుమ్ ఇచ్చే ర్యాంకు మాత్రం మనవాళ్ళది కాదు.

ఇంకా దగ్గరికి రండి. డిప్లొమా చదివినవాళ్ళెవరైనా ఒక్కసారైనా మాసాబ్ ట్యాంక్‌లో సాంకేతిక విద్యా భవన్ మెట్లెక్కి ఉంటారు. ఆ పక్కనే ఏసీ గార్డ్స్ అనే బస్తీ. ఏసీ అంటే చల్లగాలి మిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి రాజా దగ్గరుండే ఆఫ్రికన్ రౌతుల దళం నిజాం కొలువుకి చేరిందనీ, వాళ్ళుండే చోటు కాబట్టే ఆ పేరొచ్చిందనీ చెప్తారు. అంటే మన వనపర్తికీ హైదరాబాద్ నడిబొడ్డుకీ మధ్య ఒక గుర్రపు డెక్కల దారి ఉంది. ఆ దారిలో మనకి గుర్తున్న పేర్లన్నీ ఇచ్చినవాళ్ళవీ పుచ్చుకున్నవాళ్ళవీ. గుర్రాల మీద కూర్చున్నవాళ్ళ పేర్లు ఒక్కటన్నా చెప్పగలమా? బస్తీ పేరులో రెండు పొడి అక్షరాలు మిగిలాయి, అంతే.

మా గద్వాల వైపు సోమనాద్రి గుర్రం కథ ఒకటి చెప్తారు. కథగానే చెప్తున్నా, చరిత్రగా కాదు. చెప్పే మనిషిని బట్టి వివరాలు మారుతుంటాయి. యుద్ధంలో సోమనాద్రి గుర్రాన్ని శత్రువులు పట్టుకుపోతారు. దాన్ని తేవడానికి గుర్రాల దగ్గర పనిచేసే ఒక మామూలు మనిషి చీకట్లో వాళ్ళ దండులోకి దూరి, గడ్డిలో దాక్కుంటాడు. అది తెలియక ఎవడో గుర్రాన్ని కట్టెయ్యడానికి మేకు దిగ్గొడితే అది ఇతని చేతిలోంచి దిగుతుంది. నోట్లోంచి మాట రానియ్యడు. అందరూ పడుకున్నాక, మేకు కింద ఇరుక్కున్న చేతిని తానే నరుక్కుని, గుర్రమెక్కి వచ్చేస్తాడు. ఈ కథని మావాళ్ళు సోమనాద్రి కథ అనే పిలుస్తారు. చెయ్యి పోగొట్టుకున్నవాడి కథ అని ఎవరూ అనరు. అనాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మళ్ళీ స్వీడన్‌కి పోదాం. అసలు విషయం 1952లో ఉంది.

1948 రచ్చ తర్వాత రూలు నిలబడలేకపోయింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ నాటికి డ్రెసాజ్ తలుపులు ఆఫీసర్లు కానివాళ్ళకీ తెరిచారు, ఆడవాళ్ళకీ తెరిచారు. స్వీడన్ ఎవర్ని పంపింది? సెయింట్ సీర్, బోల్టెన్‌స్టెర్న్, పెర్సన్. ఆ ముగ్గురినే. ఏం వచ్చింది? జట్టు బంగారం. 1956లో ఆస్ట్రేలియా క్వారంటైన్ నియమాల వల్ల గుర్రాల పోటీలు మాత్రం స్టాక్‌హోమ్‌లో పెట్టారు. అక్కడా ఆ ముగ్గురే. మళ్ళీ బంగారమే.

ఈ మూడు ఫలితాల్ని ల్యాబ్ రీడింగుల్లా పక్కపక్కన పెట్టి చూడండి. 1948, 1952, 1956. మనుషులు మారలేదు. ఫలితం మారలేదు. మారిన వేరియబుల్ ఒక్కటే, రూలు. పెర్సన్ భుజమ్మీద పట్టీ ఉన్నా లేకపోయినా జట్టు మొదటి స్థానంలోనే ఉంది. ర్యాంకుకీ రౌతుతనానికీ సంబంధం లేదని నిరూపించడానికి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఎవరూ కావాలని పెట్టినా కుదరదు.

ఆ ముగ్గురిలో ఇంకో తమాషా. బోల్టెన్‌స్టెర్న్ వాళ్ళ నాన్న కూడా రౌతే. ఆయన పేరూ గుస్తాఫ్ అడాల్ఫే. 1912లో ఇదే డ్రెసాజ్‌లో వెండి గెలిచాడు. అంటే కొడుకుకి దారి చిన్నప్పుడే వేసి ఉంది. తప్పేం లేదు, అతను కూడా కష్టపడ్డవాడే, 1948లో వ్యక్తిగత కంచు కూడా అతనిదే. కాని ఒకడికి ఇంట్లోంచే దారి, ఒకడికి ఆఫీసర్ల మెస్‌లోంచి దారి, ఇంకొకడికి కొద్ది వారాల అద్దె ర్యాంకు. ముగ్గురూ ఒకే బరిలో ఒకే పతకం తెచ్చారు. తర్వాత సందేహం ఎవడి మీద పడింది? మూడోవాడి మీదే.

1952 తలుపులోంచే లిస్ హార్టెల్ వచ్చింది. డెన్మార్క్ ఆవిడ. 1944లో, కడుపుతో ఉన్నప్పుడు, పోలియో వచ్చింది. మోకాళ్ళ కింద కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. గుర్రమెక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. డ్రెసాజ్‌లో సగం మాట పిక్కలతోనే మాట్లాడాలని పైన చెప్పాను గదా. ఆ పిక్కలే లేవనుకోండి. ఆవిడ ఆ భాషనంతా తుంటితో, నడుముతో, బరువు మార్చడంతో మాట్లాడింది. జూబిలీ అనే గుర్రం దాన్ని విన్నది. 1952లో వెండి, 1956లో మళ్ళీ వెండి. రెండు సార్లూ బంగారం సెయింట్ సీర్‌కే. హెల్సింకిలో పతకాలిచ్చేటప్పుడు ఆవిడ మెట్టెక్కడానికి సెయింట్ సీరే చేయందించాడని చెప్తారు. ఆఫీసర్ అనే మాటకి నేను ఒప్పుకునే అర్థం ఇదే. తలుపు ఎవరికి మూసి ఉందో చూసి, తెరిచాక చేయందించేవాడు. భుజమ్మీద నక్షత్రాలు ఎన్నైనా ఉండనీ.

స్థాయి పడిపోతుందనే భయం ఎప్పుడూ ఉంటుంది. అందర్నీ రానిస్తే ఎట్లా, క్వాలిటీ ఏమైపోతుంది అని. 1952లో అందర్నీ రానిచ్చారు. స్థాయి పడిపోలేదు. సెయింట్ సీర్‌కి అప్పటిదాకా లేని ఒక గట్టి పోటీ దొరికింది, అంతే. ఆయన బంగారానికి విలువ పెరిగింది కూడా. సగం మంది బయట నిలబడ్డ పోటీలో ఫస్టొచ్చినవాడు ఎంత ఫస్టో ఎవరికి తెలుసు?

మన దేశానికొస్తే, 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో గుర్రాల పోటీలు మొదటిసారి పెట్టారు. ఈవెంటింగ్ అనే విభాగంలో డ్రెసాజ్, ఊరవతల పరుగు, అడ్డంకులు దూకడం మూడూ కలిసి ఉంటాయి. అందులో వ్యక్తిగత బంగారం రఘుబీర్ సింగ్‌ది. ఆయన ర్యాంకు దఫేదారు. అంటే మన అశ్వికదళంలో సార్జెంటుతో సమానం. జట్టు బంగారంలోనూ ఆయన ఉన్నాడు. తర్వాత అర్జున, పద్మశ్రీ వచ్చాయి. పెర్సన్‌ని ఆపిన రూలే ఇంకా బతికుంటే, మనకి ఆ బంగారం తెచ్చిన మనిషి లాయం దగ్గరే నిలబడి ఎవరో కెప్టెన్ గుర్రానికి జీను బిగిస్తూ ఉండేవాడు. మనకి ఏం పోయిందో కూడా మనకి తెలిసేది కాదు. మూసిన తలుపుతో వచ్చే పెద్ద చిక్కు అదే. నష్టం లెక్కల్లో కనబడదు.

అట్లాగని ర్యాంకు తలుపు తెరవగానే అంతా అయిపోయిందని కూడా అనను. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా డ్రెసాజ్ జట్టు బంగారం తెచ్చారు. గుర్రాల ఆటల్లో 41 ఏళ్ళ తర్వాత మనకి వచ్చిన ఏషియాడ్ బంగారం. అనుష్ వ్యక్తిగత కంచు కూడా తెచ్చాడు. గర్వపడాల్సిందే. కాని అక్కడికి చేరడానికి యూరప్‌లో ఏళ్ళ తరబడి ఉండి శిక్షణ తీసుకోవాల్సొచ్చింది. ర్యాంకు గేటు పోయి ఖర్చు గేటు వచ్చింది. దఫేదారుకి గుర్రం సైన్యమిచ్చింది. సైన్యంలో లేని పేదింటి పిల్లకి గుర్రం ఎవరిస్తారు? బార్గీరు ప్రశ్న అట్లాగే ఉంది.

ఇప్పుడు మన గేటు దగ్గరికి.

నాది గట్టు మండలం. అక్షరాస్యతలో అట్టడుగున ఉందని పేపర్లో పడినప్పుడే మా మండలం పేరు బయటివాళ్ళకి తెలుస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో మావైపు సీడ్ పత్తి వేస్తారు. సాయంత్రం పూట మొగ్గ విప్పి పుప్పొడి కాడలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున్నే వేరే పువ్వు పుప్పొడి దానికి అద్దాలి. క్రాసింగ్ అంటాం. ఒక్కో పువ్వునీ చేత్తోనే. చిన్న వేళ్ళయితే పని సాఫీగా అవుతుందని పిల్లల్ని పంపిన ఇళ్ళున్నాయి. ఆ సీజన్‌లో బడి పలచబడుతుంది. ఆ విత్తనం ప్యాకెట్ మీద కంపెనీ పేరుంటుంది, రకం పేరుంటుంది, జర్మినేషన్ శాతం ఉంటుంది. వేళ్ళ పేరుండదు. అట్లాంటి బడిలోంచి టెన్త్ పాసై, త్వరగా ఉద్యోగమొస్తుందని డిప్లొమాలో చేరి, ఈసెట్ రాసి రెండో ఏడాదిలో ఇంజినీరింగ్‌లోకి వచ్చేవాళ్ళు మన క్లాసుల్లో ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. మా అందరికీ కలిపి ఒకటే పేరు, లాటరల్.

మొన్న ఒక కంపెనీ ఫారం వచ్చింది. అందులో ఇంటర్ పర్సంటేజీ అనే గడి, నింపకుండా ముందుకి పోనివ్వదు. డిప్లొమా అనే ఆప్షనే లేదు. ఫోన్ చేసి అడిగితే, క్రైటీరియా అంతే అన్నారు. నాతో పాటు ఇంకొందరు అక్కడే ఆగిపోయారు. మాలో ఒకడు మూడేళ్ళు డిప్లొమాలో లేత్ మీద, మిల్లింగ్ మీద చేతులు అరగదీసుకున్నవాడు. క్లాసులో డ్రాయింగ్ చూసి పార్ట్ ఎట్లా తయారవుతుందో చెప్పమంటే మొదట లేచేది వాడే. కంపెనీకి కావల్సింది కూడా ప్రొడక్షన్ తెలిసినవాడే. ఆటలో అడిగేది ఒకటి, గేటు దగ్గర అడిగేది ఇంకొకటి. ఎంట్రీ ఫారంలో ఉన్న కాలమ్ మార్కుల షీట్‌లో లేదు.

ఇక్కడ కొందరు మిత్రులు అనే మాటలు నాకు తెలుసు. వేల అప్లికేషన్లొస్తాయి, ఏదో ఒక జల్లెడ పట్టకపోతే ఎట్లా అని. నిజమే, జల్లెడ ఉండాలి. డ్రెసాజ్‌లో కూడా ఉంది, ఎవడు పడితే వాడు ఒలింపిక్ బరిలోకి రాలేడు. నేనడిగేది జల్లెడ వద్దని కాదు, దాని కంతలు దేన్ని కొలుస్తున్నాయని. రాళ్ళని ఆపడానికి పెట్టిన జల్లెడ బియ్యాన్ని ఆపితే, బియ్యం తప్పు అనకూడదు. రెండు గంటల టెస్టు పెట్టండి, వర్క్‌షాప్‌లో ఒక జాబ్ ఇవ్వండి, ఓడిపోతే ఓడిపోతాం. ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వకపోవడం వేరే సంగతి.

ఇంకో మాట: స్వీడన్ మోసం చేసింది గదా, పతకం తీసుకోవడం న్యాయమే గదా అని. ఒప్పుకుంటాను. రూలు ఉన్నంతకాలం దాన్ని పాటించినవాళ్ళకి, అంటే ఫ్రాన్స్‌కి, అన్యాయం జరగకూడదు. దొంగ ర్యాంకు ఇచ్చినవాళ్ళది తప్పే. కాని ఆ తప్పులో నాకు ఎక్కువ గుచ్చుకునేది వేరే. సైన్యం పెర్సన్‌ని నిజంగా ఆఫీసర్‌ని చేసి ఉంటే? చెయ్యలేదు. పతకం కావాలి కాబట్టి కొన్నాళ్ళు పెద్దమనిషి వేషం వేయించింది, పతకం రాగానే వేషం విప్పించింది. అతని చెయ్యి కావాలి, అతను వద్దు. రూలు రాసినవాళ్ళూ, రూలుని ఏమార్చినవాళ్ళూ ఈ ఒక్క విషయంలో ఒకటే పార్టీ.

ఈ వేషాలు మన దగ్గరా ఉన్నాయి. ఫెస్ట్‌లో మోడల్ నిలబెట్టాలంటే వెల్డింగ్ తెలిసిన లాటరల్ గాడు కావాలి, స్టేజి మీద ప్రెజెంటేషన్‌కి మాత్రం ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు. మోటర్ కాలిపోతే రాత్రి ఎనిమిదింటికి ల్యాబ్ టెక్నీషియన్ అన్నని బతిమాలి పిలిపిస్తాం. ఆయన వైండింగ్ చూసి, వాసన చూసి, ఎక్కడ షార్టయిందో చెప్పేస్తాడు. రిపోర్ట్ అక్నాలెడ్జ్‌మెంట్‌లో ప్రిన్సిపాల్ గారి నుంచి హెచ్‌ఓడీ గారి దాకా అందరికీ కృతజ్ఞతలుంటాయి. ఆఖరున నాన్ టీచింగ్ స్టాఫ్ అని రెండు ముక్కలు. గుర్రాన్ని తెచ్చినవాడి పేరు కథలో ఎందుకు లేదని అడిగే మనం, మన రిపోర్టులో ఏం రాస్తున్నాం?

కంపెనీ ఫారాలు మన చేతిలో లేవు. మన ఫెస్ట్, మన క్లబ్బు, మన ప్రాజెక్టు రిపోర్టు మన చేతిలోనే ఉన్నాయి. అందుకని మూడు సంగతులు అడుగుతున్నా.

ఒకటి. ఈసారి టెక్ ఫెస్ట్ రూల్ బుక్ రాసేటప్పుడు ప్రతి అర్హత వాక్యం పక్కనా ఒక ప్రశ్న పెట్టండి: ఇది జడ్జింగ్ షీట్‌లో ఎక్కడుంది? దానికి చోటు చూపించలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. మినిమమ్ సీజీపీఏ, ఫలానా బ్రాంచిలే, డిగ్రీ విద్యార్థులు మాత్రమే, ఇట్లాంటివాటిలో సగం ఈ ప్రశ్నకి నిలబడవు. పక్కనున్న ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల్ని రానివ్వండి. వాళ్ళు గెలిస్తే మనకి నామోషీ అనిపిస్తే, ఆ నామోషీ ఎక్కణ్ణించి వస్తోందో కూడా కాస్త ఆలోచించండి.

రెండు. ప్రాజెక్టు రిపోర్టులో, పోస్టర్ మీద, ఎవరు ఏం చేశారో పేరుతో రాయండి. వైండింగ్ చుట్టిన టెక్నీషియన్ పేరు, ఫ్రేమ్ కోసిన మనిషి పేరు. గుంపుగా కాదు, విడివిడిగా.

మూడు. ఇది మన సాహితీ క్లబ్బుకే. మన పత్రికలో ఇప్పటిదాకా ఎక్కువగా రాసేది ఎవరో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. తెలుగు మీడియంలో చదివి, మాండలికంలో మాట్లాడి, రాస్తే తప్పులు దిద్దుతారేమోనని రాయకుండా కూర్చున్నవాళ్ళు ప్రతి హాస్టల్ బ్లాకులో ఉన్నారు. భాష వాళ్ళ దగ్గరే ఎక్కువుంది. పత్తిలో క్రాసింగ్ గురించి, ఇటుక బట్టీ గురించి, బోరు వేసే లారీ మీద గడిపిన సెలవుల గురించి వాళ్ళ మాటల్లోనే రాయమని వెళ్ళి అడగాలి. నోటీసు పెట్టి ఊరుకుంటే రారు. ఏళ్ళ తరబడి గేటు దగ్గర ఆగినవాళ్ళు, గేటు తీసినంత మాత్రాన లోపలికి నడవరు. ఒకరు ముందుకొచ్చి చేయందించాలి.

పెర్సన్ 1948లో ఎట్లా సవారీ చేశాడో 1952లోనూ అట్లాగే చేశాడు. నాలుగేళ్ళలో నేర్చుకోవాల్సొచ్చింది అతను కాదు, రూలు రాసినవాళ్ళు. మన దగ్గర రూల్ బుక్ వచ్చే నెల రాస్తారు. కమిటీలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, పెన్ను తీసేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి.